తలుపు తట్టిన ప్రతివాడూ అమ్మడానికి రాలేదు

వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగించేవాళ్లకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. అమెరికాలో మార్మన్ మతస్థుల పిల్లలు పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకే ఇల్లు వదిలి రెండేళ్లు మతప్రచారానికి వెళ్తారట. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లబిళ్ల. రోజంతా తలుపులు తడతారట, వందమంది పొమ్మన్నా చెక్కుచెదరరట, అందుకే తిరిగొచ్చాక వ్యాపారంలో ఎదురులేకుండా ఎదుగుతారట. ఉదాహరణలూ సిద్ధంగా ఉంటాయి. ‘ఏడు అలవాట్ల’ స్టీఫెన్ కోవే ఇంగ్లండులో తిరిగాడు. ప్రైవేట్ ఈక్విటీలో కోట్లు గడించి అధ్యక్ష పదవికి పోటీచేసిన మిట్ రామ్నీ ఫ్రాన్సులో తిరిగాడు. జెట్‌బ్లూ విమానాల డేవిడ్ నీలమన్ బ్రెజిల్‌లో, హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్సెన్ కొరియాలో. ఇన్ని పేర్లు వల్లించాక, ప్రపంచంలో ఇంతకు మించిన సేల్స్ ట్రైనింగ్ లేదని ముక్తాయిస్తారు. కోవే పుస్తకం మన దగ్గరా విరగబడి అమ్ముడైంది కాబట్టి ఈ కథ హైదరాబాదు సెమినార్ హాళ్లదాకా వచ్చేసింది.

పొగడ్తలా వినిపించే మాటను ఎవరూ ఖండించరు. అందుకే ఇది ఇంతకాలం నిలిచింది. ఇదే మాటకు మన ఊళ్లలో తిట్టు రూపం కూడా ఉంది. మతం చెప్పడానికి వచ్చినవాడెవడైనా సరే, తలకింత అని డాలర్లు ముడతాయి కాబట్టే తిరుగుతున్నాడని అంటారు. సెమినార్ వక్త మెచ్చుకుంటున్నాడు, రచ్చబండ మీద పెద్దమనిషి తిడుతున్నాడు. చెప్పేది మాత్రం ఇద్దరూ ఒకటే: జరుగుతున్నది అమ్మకం, ఆ కుర్రాడు ఏజెంటు. ఇద్దరిదీ తప్పే. తప్పు అని ఊరుకుంటే చాలదు. ఆ పిల్లలు పడే కష్టాన్నీ, వాళ్లకు దక్కే ఫలాన్నీ రెంటినీ కనపడకుండా చేసే మాట అది.

నేను ఆ మతస్థుణ్ని కాను. జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో అచ్చువేయించిన మార్మన్ గ్రంథం దైవదత్తమని నేను నమ్మను. నల్లజాతి పురుషులకు 1978 దాకా యాజకత్వం ఇవ్వని సంఘాన్ని ఆ విషయంలో క్షమించే ఉద్దేశమూ లేదు. ఆ సంఘం తనను మార్మన్ అని పిలవవద్దనీ, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనే నిండు పేరు వాడమనీ 2018 నుంచి గట్టిగా కోరుతోంది. పాఠకులకు తెలిసిన పేరు కాబట్టి నేను పాతదే వాడుతున్నాను. నా పక్షపాతమల్లా ఆ నల్లబిళ్ల పెట్టుకున్న పిల్లలవైపే.

ముందు డబ్బు సంగతి తేలుద్దాం. ఏ సేల్స్‌మన్ అయినా జీతానికో కమీషన్‌కో పనిచేస్తాడు. ఇక్కడ చేతిచమురు వదిలేది పనిచేసేవాడికే. అమెరికా నుంచి బయల్దేరే మిషనరీ, అతని కుటుంబం కలిసి నెలనెలా ఒక మొత్తం సంఘానికి కడతారు. ఒకప్పుడు ఖరీదైన దేశం పడ్డవాడి ఇంటిమీద ఎక్కువ భారం, చౌక దేశం పడ్డవాడికి తక్కువ భారం ఉండేవి. 1990 దశకం మొదట్లో అందరికీ ఒకే మొత్తం చేశారు. 2020 జులైలో దాన్ని నెలకు 400 డాలర్ల నుంచి 500కి పెంచారు. రెండేళ్లకు 12,000 డాలర్లు. ఈ డబ్బు కోసం చాలామంది పిల్లలు హైస్కూలు రోజుల నుంచే చిన్నాచితకా పనులు చేసి కూడబెట్టుకుంటారు. పేద దేశాల పిల్లలకు ఇతర సభ్యుల విరాళాలతో నడిచే నిధి తోడ్పడుతుంది, వాళ్లూ తమకు చేతనైనంత వేసుకుంటారు. ఒకరికి బాప్తిస్మం ఇచ్చినందుకు ఏ మిషనరీకీ ఒక్క పైసా రాదు. ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే వీలూ లేదు. దరఖాస్తు పెట్టాక పిలుపు వస్తుంది. అందులో పెరూ ఉండవచ్చు, నార్వే ఉండవచ్చు, పొరుగు రాష్ట్రమే ఉండవచ్చు. ఇల్లంతా, చుట్టాలంతా చుట్టూ చేరి ఆ పిలుపు చదివే ఘడియ మార్మన్ కుటుంబాల్లో పెద్ద వేడుక.

ఇక ఫలితం లెక్క. 2024లో ప్రపంచమంతా కలిపి బోధన పనిలో ఉన్న మిషనరీలు 74 వేల పైచిలుకు. ఆ ఏడాది కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లు దాదాపు 3 లక్షల 8 వేలు. తలా నలుగురు. అదీ సగటున. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఫిలిప్పీన్స్ అంకెలు ఈ సగటును పైకి లాగుతాయి. పశ్చిమ యూరప్‌లోనో జపాన్‌లోనో రెండేళ్లు తిరిగి, ఒకరిద్దరిని కూడా సంఘంలో చేర్చకుండానే ఇల్లు చేరేవాళ్లు ఎందరో ఉంటారు. వారానికి ఆరురోజులు, పొద్దుట నుంచి రాత్రి తొమ్మిది దాకా తిరిగి ఏడాదికి నాలుగు అమ్మకాలు చేసే బృందాన్ని ఏ కంపెనీ నిలబెడుతుంది? ఈ పని నిజంగా అమ్మకమే అయితే దాదాపు రెండు శతాబ్దాలుగా నడుస్తున్న ఈ వ్యవస్థంత పెద్ద వ్యాపార వైఫల్యం మరొకటి ఉండదు. అది కూలిపోలేదంటే దాన్ని నిలబెడుతున్నది వేరే ఏదో ఉందన్నమాట.

ఆ వేరేది ఏమిటో తెలియాలంటే వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూడాలి. మేనేజ్‌మెంట్ పుస్తకాలు ఇక్కడే దాటవేస్తాయి. తలుపు దగ్గర మొదలై తలుపు దగ్గరే ముగుస్తాయి వాటి కథలు.

పొద్దున్న ఆరున్నరకు లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, ఫలహారం. తర్వాత ఒంటరిగా గ్రంథపఠనం, జతగాడితో కలిసి పఠనం, పరాయి దేశంలో ఉంటే భాషాభ్యాసం. 2017లో వేళలను కాస్త సడలించి ఆయా దేశాల అలవాట్లకు సర్దుకునే వీలిచ్చారు గాని రోజు రూపం మాత్రం అదే. పది, పదకొండు మధ్య రోడ్డెక్కుతారు. సైకిలు, బస్సు, కాలినడక, కొన్నిచోట్ల కారు. ఎవరో రమ్మన్నారని వెళ్తే ఇంటికి తాళం. ఇంకెవరో పాఠం సగంలో ఫోను వచ్చిందని లేచిపోతారు. మధ్యాహ్నం మళ్లీ వీధుల్లోనో, ఇప్పుడైతే ఫోన్‌లో సందేశాలు పంపుతూనో. సాయంత్రం సంఘ సభ్యుల ఇంట్లో భోజనం దొరికితే అదృష్టం. రాత్రి తొమ్మిదికి గది, రేపటి పని రాసుకోవడం, పదిన్నరకు నిద్ర. ప్రేమ వ్యవహారాలు నిషిద్ధం. సినిమాలూ ఆటలూ దాదాపు లేనట్టే. వారంలో ఒకరోజు మాత్రం బట్టలు ఉతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ ఇంటికి రాసుకోవడానికీ వదిలిపెడతారు. దాన్ని వాళ్లు పీ-డే అంటారు. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను చేసే అవకాశం ఏడాదికి రెండే సార్లు: క్రిస్మస్‌కు, అమెరికాలో మాతృదినోత్సవానికి. తల్లి గొంతు ఆరు నెలలకొకసారి వినే పద్ధతి అన్నేళ్లు ఎలా సాగిందో నాకిప్పటికీ అర్థంకాదు.

ఈ కష్టాలన్నిటికంటే పెద్దదాన్ని సెమినార్ వక్తలెవరూ ప్రస్తావించరు. అది తలుపు అవతలి మనిషి కాదు, పక్కనున్న మనిషి. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. ఆ ప్రాంతపు మిషనరీలకు పెద్దదిక్కైన మిషన్ ప్రెసిడెంట్ జతచేసిన కంపానియన్‌తో ఒకే గదిలో పడుకోవాలి, ఒకే బల్ల దగ్గర తినాలి, కంటికి కనపడేంత దూరంలో తిరగాలి. స్నానాల గది తప్ప ఏకాంతం లేదు. ఐడాహోలో బంగాళాదుంపల పొలం నుంచి వచ్చినవాడికీ టోంగా దీవివాడికీ జత పడవచ్చు. ఒకడు నియమాలు అక్షరం తప్పడు, ఇంకొకడు పన్నెండింటిదాకా ముసుగుతన్ని పడుకుంటాడు. ఒకడు ఇంటిమీద బెంగతో కుమిలిపోతుంటే రెండోవాడికి ఆ బెంగ అర్థమే కాదు. సుమారు ఆరువారాలకొకసారి బదిలీల జాబితా వస్తుంది. మారితే మారినట్టు, లేకపోతే మరో ఆరువారాలు. ఇరవయ్యేళ్లు నిండని పిల్లలకు ఇది కాపురం కంటే కష్టం. కాపురంలోనైనా పుట్టింటికి పోయే దారుంటుంది. తిరిగొచ్చినవాళ్లు రెండేళ్లలో ఏం నేర్చుకున్నారని అడిగితే చాలామంది నోట ముందు వచ్చేది ఈ జతల సంగతే. నచ్చని మనిషితో బతకడం, రాత్రి గొడవపడి పొద్దున్నే అతని పక్కనే మోకరించడం, అతనికి జ్వరమొస్తే గంజి కాచి ఇవ్వడం. ఇది ఏ సేల్స్ ట్రైనింగ్‌లో ఉంది?

రెండో కష్టం తిరస్కారం. దీన్ని గురించి మాట్లాడతారు గాని తలకిందులుగా మాట్లాడతారు. ‘వద్దు’ అనే మాట వేలసార్లు విని చర్మం మొద్దుబారుతుందని, అదే గొప్ప ఆస్తి అని అంటారు. పురుగుల మందు అమ్మేవాడిని పొమ్మంటే అతని మందును వద్దన్నట్టు. అతను ఆ మందును నమ్ముకుని పెరగలేదు. ఈ కుర్రాడి విషయం అలా కాదు. ఊయలనాటి నుంచి అమ్మ చెప్పింది, నాన్న నమ్మింది, ఆదివారం ఆదివారం తాను పాడింది, అదంతా పిచ్చి అని ముఖాన అంటారు అతన్ని. పైగా అతని దగ్గర జవాబు లేని ప్రశ్నలు అడుగుతారు. గ్రంథం చెక్కిన బంగారు రేకులు ఇప్పుడెక్కడున్నాయి? మీ ప్రవక్త అంతమందిని ఎందుకు పెళ్లాడాడు? ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలు అవి. పగలు ఎవరో వేసిన ప్రశ్న రాత్రి తనదవుతుంది. మర్నాడు ఆరున్నరకు లేచి, తనకే నిశ్చయం లేని సంగతి నిశ్చయంగా తెలుసని మరొకరికి చెప్పాలి. ఈ సంకటం ఎవరి చర్మాన్నీ మొద్దుబార్చదు. కొందరిని కుంగదీస్తుంది, కొందరిని నిజాయితీవైపు నెడుతుంది. నమ్మకం గట్టిపడి వచ్చేవాళ్లున్నారు, సడలి వచ్చేవాళ్లూ ఉన్నారు. రెండు రకాలవాళ్లూ ఆ రెండేళ్లలో చేసిన అసలు పని తమ లోపల చేసుకున్నదే.

గోర్డన్ హింక్లీ కథ మార్మన్ ఇళ్లలో అందరికీ తెలుసు. 1933లో ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో, ఆర్థికమాంద్యపు రోజుల్లో, ఎవరూ వినని వీధుల్లో తిరిగి తిరిగి విసిగి తండ్రికి ఉత్తరం రాశాడు. నా కాలమూ మీ డబ్బూ రెండూ వృథా అవుతున్నాయన్నాడు. నిన్ను నువ్వు మరచిపోయి పనిలో పడమనే అర్థంలో రెండు ముక్కల జవాబు వచ్చింది. తర్వాత అతను ఆ సంఘానికే అధ్యక్షుడయ్యాడు కాబట్టి కథ నిలిచింది. నన్ను ఆపేది మాత్రం ఆ మొదటి ఉత్తరం. వృథా అవుతోందని తండ్రికి రాయగలిగిన కుర్రాడు అంకెలు మోసే ఏజెంటు కాడు. మనసున్న మనిషి.

ఇక్కడ నా వాదానికి ఎదురు వెళ్లే నిజం ఒకటుంది. దాన్ని దాచిపెట్టను. మిషన్‌లో నిజంగానే అంకెలున్నాయి. ఎందరికి పాఠం చెప్పారు, ఎందరు ఆదివారం ఆరాధనకు వచ్చారు, ఎందరు బాప్తిస్మానికి తేదీ ఖాయం చేసుకున్నారు అని వారం వారం లెక్క చెప్పాలి. జిల్లా నాయకుడు, జోన్ నాయకుడు, ప్రెసిడెంట్‌కు సహాయకుడు అని హోదాల మెట్లున్నాయి, వాటికోసం తాపత్రయపడే పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఇది సేల్సే కదా అనవచ్చు. సరే, సేల్స్ పద్ధతిని పూర్తిగా నమ్మి నడిపిన చోట ఏం జరిగిందో చూడండి.

1950ల చివర, 60ల మొదట్లో బ్రిటన్‌లో మిషన్ నాయకత్వానికి అంకెల పిచ్చి పట్టింది. లక్ష్యాలు పెట్టారు, పోటీలు పెట్టారు. మిషనరీలు చుట్టుపక్కల పిల్లలతో బేస్‌బాల్ జట్లు కట్టారు. ఆడటానికి వచ్చిన పిల్లలకు బాప్తిస్మం జట్టులో చేరే తంతులాగా కనిపించింది. తాము ఒక మతంలో చేరామని చాలామంది పిల్లలకూ తెలియదు, వాళ్ల తల్లిదండ్రులకూ తెలియదు. కాగితం మీద సంఘం అమాంతం పెరిగింది. ఆదివారం చూస్తే ప్రార్థనా మందిరాలు ఖాళీ. కొత్త నాయకత్వం వచ్చాక ఇల్లిల్లూ తిరిగి, ఉంటారా పోతారా అని అడిగి పేర్లు తీసేయాల్సి వచ్చింది. ఆ పని మీద పడ్డ కుర్రాళ్లలో డి. మైకేల్ క్విన్ ఒకడు. తర్వాతి కాలంలో మార్మన్ చరిత్రకారుడిగా పేరుపొంది, రాసిన చరిత్రకే సంఘం నుంచి బహిష్కృతుడయ్యాడు. బేస్‌బాల్ బాప్తిస్మాల వ్యవహారాన్ని వివరంగా గ్రంథస్థం చేసినవాడూ అతనే. ఇరవయ్యేళ్లకు ఒక పిల్లవాడి ఇంటి ముందు నిలబడి, మావాళ్లు మీ అబ్బాయిని మభ్యపెట్టారని చెప్పుకోవలసి రావడం ఎంత భారమో ఊహించండి. సుమారు 1980 ప్రాంతంలో దక్షిణ టోక్యో మిషన్‌లోనూ ఇదే పునరావృతమైంది. రైల్వేస్టేషన్ల దగ్గర కలిసిన యువకులను అప్పటికప్పుడు మందిరానికి తీసుకెళ్లి, హడావిడిగా పాఠాలు చెప్పి బాప్తిస్మాలిచ్చారు. వాళ్లలో అత్యధికులు మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ పని చేసిన మిషనరీల్లో కొందరిని జీవితాంతం వెన్నాడిన అపరాధభావం అదనం.

అమ్మకమే ఈ పనికి ప్రాణమైతే అమ్మకం జోరందుకున్నచోట అది వర్ధిల్లాలి. రెండుచోట్లా అదే దాన్ని చంపింది. సేల్స్ అన్నది మిషన్‌కు పట్టే జబ్బు. జబ్బును చూపించి ఇదే ఆరోగ్య రహస్యమని పుస్తకాలు రాస్తున్నారు మన వికాస గురువులు.

మరి ఫలమేమిటి? ఏమీ లేకపోతే ఇంతమంది ఆ రెండేళ్లను తమ జీవితంలో మరచిపోలేని కాలంగా ఎందుకు చెప్పుకుంటారు? చర్మం మొద్దుబారడం కాదు, దానికి సరిగ్గా వ్యతిరేకం. మెత్తబడటం. భాష దగ్గరే మొదలవుతుంది అది. అమెరికాలోని ప్రోవో పట్టణంలో సంఘం నడిపే శిక్షణ కేంద్రంలో యాభైకి పైగా భాషలు నేర్పుతారు. కొన్ని వారాల చదువుతో విమానం ఎక్కించేస్తారు. దిగాక తెలుస్తుంది తన నోట ముక్క కూడా రాదని. స్కూల్లో చురుకైనవాడని పేరున్న కుర్రాడు మార్కెట్‌లో ఉల్లిపాయలు అడగలేక నవ్వులపాలవుతాడు. కూరలమ్మే ముసలమ్మ ఓపిగ్గా మాట దిద్దుతుంది. చెప్పడానికి వచ్చినవాడు ముందు ఆరునెలలు చెప్పించుకుంటాడు. అమెరికన్లు ప్రపంచం నుంచి నేర్చుకోరన్న ఫిర్యాదు మనందరికీ ఉంది. సాధారణ మధ్యతరగతి ఇళ్ల నుంచి ఇంతమంది అమెరికన్ పిల్లలు పరాయి ఊరి పేదవాడలో, పేదవాడి భాషలో రెండేళ్లు బతికివచ్చే ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందేమో చూపించండి. బ్రెజిల్‌లోని మురికివాడల్లో తిరిగిన ఆ రోజులే పేదా గొప్పా తేడాల మీద తన చూపును మార్చాయని నీలమన్ చెప్పుకున్నాడు. టికెట్లు అమ్మడం అక్కడ నేర్చుకున్నానని చెప్పుకోలేదు.

తర్వాతిది సమయం. ఈ పిల్లల దగ్గర డబ్బు లేదు, అధికారం లేదు, చాలామంది దగ్గర చెప్పుకోదగ్గ తెలివితేటలు కూడా ఇంకా లేవు. పుష్కలంగా ఉన్నది వినడానికి సమయం. భర్తపోయిన మనిషి, తాగుడు మానలేనివాడు, కొడుకు మాట్లాడటం మానేసిన తండ్రి వీళ్లను కూర్చోబెట్టుకుని కష్టం చెప్పుకుంటారు. సంఘంలో చేరడానికి కాదు, వినేవాళ్లు దొరికారని. గడ్డి కోసిపెడతారు, ఇల్లు మారేవాళ్ల మంచాలు మోస్తారు, తుఫాను వచ్చినచోట బురద ఎత్తుతారు. పాఠం వద్దన్న ఇంట్లోనే కంచె బాగుచేసి వస్తారు. పందొమ్మిదేళ్ల వయసులో మన పిల్లలెవరైనా పరాయి ముసలివాళ్ల దుఃఖాన్ని ఇంత దగ్గరగా, ఇన్ని నెలలపాటు చూస్తారా? మనవాళ్లు కోచింగ్ సెంటర్లో కూర్చునే వయసు అది. నాకు ఈ పోలిక చేయక తప్పడం లేదు. ఎందుకంటే ఆ రెండేళ్లు కెరీర్‌లో వెనకబాటు కాదా అని అడిగే మొదటివాళ్లం మనమే.

రామ్నీ సంగతి కూడా చూడండి. అతని ఫ్రాన్సు రోజులను నాయకత్వ శిక్షణగా రాస్తారు. 1968 జూన్‌లో దక్షిణ ఫ్రాన్సులో అతను నడుపుతున్న కారును ఎదురుగా తప్పుదారిలో వచ్చిన కారు గుద్దింది. కారులో ఉన్న మిషన్ ప్రెసిడెంట్ భార్య చనిపోయింది. రామ్నీ కూడా చనిపోయాడనే అనుకున్నారు పోలీసులు. భార్య మృతదేహంతో ప్రెసిడెంట్ అమెరికా వెళ్లాక, ఇరవై ఒక్కేళ్ల రామ్నీ, తోటి సహాయకుడు కలిసి కొన్ని వారాలు మిషన్‌ను నడిపారు. తల్లిలాంటి మనిషిని పోగొట్టుకుని, తన చేతిలో స్టీరింగ్ ఉండగా పోగొట్టుకుని, తనంత వయసు పిల్లలకే ధైర్యం చెప్పాడు. ఈ వేసవిని అతని బయోడేటాలో ‘లీడర్‌షిప్’ అనే గడిలో నింపేవాళ్లు చావును చదవడం లేదు.

క్రిస్టెన్సెన్ మాట అయితే ఈ గురువులకే ఎదురు తిరుగుతుంది. కొరియాలో మిషనరీగా పనిచేసిన ఆయన వ్యాపార సిద్ధాంతాలకు ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. జీవితాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్న మీద రాసినప్పుడు డాలర్లనూ అంకెలనూ పక్కనపెట్టి, ఒక్కొక్కరుగా ఎందరికి మేలు చేశానన్నదే తన కొలమానమన్నాడు. వ్యాపారం తెలిసినవాడే డబ్బు గజంతో జీవితాన్ని కొలవనన్నాడు. తెలియనివాళ్లు కొలుస్తున్నారు.

ఆడపిల్లల సంగతి ఈ సేల్స్ కథలో అసలు కనపడదు. పెళ్లికాని ఇద్దరు యువతులను 1898లో మొదటిసారి ఇంగ్లండుకు పంపారు. 2012 అక్టోబరులో వాళ్ల కనీస వయసును 21 నుంచి 19కి, మగపిల్లలది 19 నుంచి 18కి తగ్గించగానే మొత్తం సంఖ్య 58 వేల నుంచి 80 వేలు దాటింది. అందులో అమ్మాయిల వాటా పెద్దది. మగపిల్లవాడికి మిషన్ ధర్మవిధి అని చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. కనుక అతని స్వచ్ఛందం సగమే స్వచ్ఛందం. అమ్మాయిలకు ఆ ఒత్తిడి లేదు. వెళ్లకపోతే అడిగేవారు లేరు. అయినా తమకు నిర్ణయించిన పద్దెనిమిది నెలల సేవ కోసం బారులుతీరారు. వాళ్లలో ఎవరూ విమాన కంపెనీ అధినేత కథ చదివి బయల్దేరలేదు.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. 1853లో మద్రాసుకు మార్మన్ మిషనరీలు వచ్చారు. వారిలో రిచర్డ్ బాలంటైన్ సాల్ట్‌లేక్‌లో ఆ మతపు మొదటి ఆదివారం బడి పెట్టినవాడు. కలకత్తాకు, బొంబాయి, పుణేలకు మరికొందరు వెళ్లారు. కొన్నాళ్లు ఎండలో తిరిగి, రోగాలపాలై, కొద్దిమందికి బాప్తిస్మమిచ్చి వెనక్కి పోయారు. సేల్స్ లెక్కలో అది సున్నా కింద జమ. అంకె మీదే నడిచే సంస్థ అయితే భారతదేశాన్ని శాశ్వతంగా కొట్టిపారేయాలి. సవా శతాబ్దం తర్వాత ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో ఆ సంఘంలో చేరి, 1978 డిసెంబరులో స్వల్పకాలిక మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మమిచ్చారు. తెలుగునాట ఆ సంఘం బంధుత్వం మీద నిలబడింది. అక్కకు చెల్లెలు, బావకు మరిది చెప్పుకున్నారు. 2012లో దేశంలోనే మొదటి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాల కూటమి, హైదరాబాదులో ఏర్పడింది. బెంగళూరు, ఢిల్లీ మిషన్లలో తిరిగే యువ మిషనరీల్లో చాలామంది మన దేశం పిల్లలే. ఒక్కొక్కరూ కాలేజీ వాయిదావేసుకుని, ఇరుగుపొరుగు ‘కొడుకు ఏం చేస్తున్నాడు?’ అని అడిగితే తల్లి ఏం చెప్పాలో తడుముకునే స్థితిలో ఇల్లు వదిలినవాళ్లు.

వీళ్లకు తలకింత ముడుతోందనే వాళ్లతో ఒక మాట. మతప్రచారం మీద అభ్యంతరం ఉంటే చెప్పండి, అది గౌరవించదగ్గ చర్చ. రాజ్యాంగం 25వ అధికరణం ప్రచార స్వేచ్ఛ ఇచ్చింది. ఇతరులను మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ రెంటి మధ్య హద్దు ఎక్కడో వాదించుకుందాం. కాని జేబులో లేని డాలర్లను చూపించి కుర్రాణ్ని దొంగను చేయడం వాదన కాదు.

ఈ సేల్స్ మాట ఉత్త అభిప్రాయంగా మిగిలిపోయి ఉంటే నేను ఇంత దూరం రాసేవాణ్ని కాదు. దానివల్ల దెబ్బతినేవాళ్లు ఉన్నారు. గడువు నిండకముందే తిరిగొచ్చేసిన పిల్లలు. ఒకడికి ఆరోగ్యం పాడవుతుంది, ఇంకొకతెకు గుండెదడతో రాత్రుళ్లు నిద్రపట్టదు, మరొకడు నమ్మకం సడలి ఇంక అబద్ధం చెప్పలేనంటాడు. మార్మన్లు ఎక్కువగా ఉండే యూటాలోనూ ఐడాహోలోనూ పెళ్లిసంబంధం దగ్గర, పరిచయం దగ్గర మొదటి ప్రశ్నే మిషన్ ఎక్కడ చేశావని. పూర్తిచేయనివాడు ఆ ప్రశ్నకు ముఖం చాటేస్తూ ఊళ్లో బతకాలి. మిషన్‌ను నాయకులను తయారుచేసే కర్మాగారంగా చెప్పినకొద్దీ వాడు పాడైపోయిన సరుకుగా మిగులుతాడు. ఎనిమిది నెలలు జతగాళ్లతో సర్దుకుని, అర్థంకాని భాషలో ఒక విధవరాలి గోడు విని వచ్చినవాడు ఏం పాడైనట్టు?

సంఘం మారగలదు. నెలల తరబడి తల్లి గొంతు వినకపోతే దీక్ష చెడదని అన్నేళ్లు పట్టుబట్టిన పెద్దలే 2019లో వారానికొకసారి ఇంటికి ఫోను చేసుకోమన్నారు. ఆకాశం విరిగిపడలేదు. వారం వారం అంకెల నివేదిక కూడా అలాగే తీసేయవచ్చు. ముందే ఇల్లు చేరినవాణ్ని గడువు నిండి వచ్చినవాడితో సమానంగా ఆదివారం అదే వేదిక మీద నిలబెట్టి మాట్లాడమనవచ్చు. మన సెమినార్ వక్తలు అంతకంటే తక్కువ శ్రమతో చేయగలిగింది ఒకటుంది. వచ్చేసారి కోవే పేరెత్తినప్పుడు, ఆ ఏడు అలవాట్లు తలుపులు తట్టి నేర్చుకున్నాడన్న వాక్యం కొట్టేసుకోవాలి.